పారబోతకు పలికిన ధర

రెండు వేల పద్దెనిమిది మార్చి పద్నాలుగు, బుధవారం, ఉదయం పదిన్నర. స్థలం ఓస్టర్‌హార్ గ్రామంలో కాఫీ హోటలు వెనుకనున్న బ్యాండు మేళం వారి హాలు. హాజరైనవారు: నోర్డర్‌వెల్ట్ పాల సహకార సంఘం సభ్యులు నూట ఎనభై ఆరుగురు, వారిలో అధ్యక్షుడు హార్మ్ బోల్హౌస్, పాలకవర్గం నలుగురు, ఆహ్వానితులు ఇద్దరు. ఒకరు ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక ఔషధ కంపెనీ తరఫున వచ్చిన రైనౌట్ వెర్హుల్స్ట్. రెండవవారు గ్రోనింగన్ నగరంలో ఒక ఆసుపత్రి మందుల విభాగానికి అధిపతి గెసీనా ఉబెల్స్. సభ మూడున్నరకల్లా ముగియాలని నోటీసులోనే ఉంది. ఐదింటికి ఆవులు పాలకు వస్తాయి. వాటికి సభామర్యాదలు తెలియవు.

గెసీనా మూడవ వరుసలో, గోడవైపు కుర్చీలో కూర్చున్నది. యాభై రెండేళ్ల క్రితం ఈ ప్రాంతంలోనే పుట్టి, ఇక్కడే పెరిగినా, ఒకే గదిలో ఇరవై మందికి మించి ఎదుట నిలబడి మాట్లాడిన సందర్భం ఆమె జీవితంలో లేదు. ఒంటరి మనిషి. ఆసుపత్రి, అక్కడ మందులు తూచి కలిపే తూనికల గది, ఇల్లు, ఇంటినిండా పుస్తకాలు. వీటి మధ్యనే ఆమె ప్రపంచం సరిపోయింది. ఇవాళ ఆమె ఇక్కడకు వచ్చిన కారణం ఒక్కటే: తూనికల గది బీరువాలో పదకొండు వారాలకు సరిపడా పొడి మాత్రమే మిగిలి ఉంది.

ఆ పొడి ఒక రకం చక్కెర. దేశం మొత్తం మీద నలభై ఒక్కమందికి పుట్టుకతోనే శరీరం దానిని సరిగా తయారుచేసుకోదు. కండరాలు సడలిపోతాయి, కాలేయం దెబ్బతింటుంది. ఎనిమిదేళ్ల క్రితం గెసీనా ఆసుపత్రిలోనే ఒక వైద్యురాలు ఇద్దరు రోగులకు దానిని పెరుగులో కలిపి తినిపించి చూసింది. నాలుగు నెలలకు వాళ్లు మెట్లెక్కారు. ఆ తొలి పరిశోధనకు సర్కారు గ్రాంటు దొరికింది. తరువాత పెద్ద ఎత్తున పరీక్షలు జరపడానికి గ్రాంటు చాలలేదు. అప్పుడు కంపెనీ వచ్చింది. పరీక్షలు జరిపింది, నెగ్గింది, అమ్మకానికి అనుమతి పొందింది, మనిషికి ఏడాదికి రెండు లక్షల ఎనభై వేల యూరోలని ధర చెప్పింది. బీమా సంస్థలు తలుపు మూసుకున్నాయి. కంపెనీ సరఫరా ఆపింది.

ఆ నలభై ఒక్కమందీ గెసీనా ఆసుపత్రి రోగులే. డాక్టరు చీటీ రాస్తే తన ఆసుపత్రి రోగులకు తన చేతులతో మందు కలిపి ఇచ్చే హక్కు ఆ దేశంలో మందుల అధికారికి ఉంది. అయితే పిండి కొద్దీ రొట్టె. శుద్ధమైన చక్కెర ఎక్కడిది? రెండేళ్లు వెతికాక గెసీనాకు తెలిసినదేమిటంటే, చీజ్ చేయగా మిగిలే తేటలోని పాలచక్కెరను విడగొట్టి, శుద్ధి యంత్రం ఒకటి చేరిస్తే తనకు కావలసిన పొడిని తీయగల చిన్న కర్మాగారం ఈ సంఘానికే ఓస్టర్‌హార్ కాలువ గట్టున ఉంది. పుండు ఒకచోట, మందు ఒకచోట అన్నట్టు, ఇన్నాళ్లూ ఆ తేట పందుల మేతకు పోతోంది. ఈ సంగతి మూడు వారాల క్రితం కంపెనీ చెవిన కూడా పడింది. దానితో, ఇవాళ్టి ఎజెండాలో ఐదవ అంశం కింద రెండు ప్రతిపాదనలు చేరాయి. పాలకవర్గంలో ముగ్గురు కంపెనీ వైపు, ఇద్దరు ఆసుపత్రి వైపు.

ముందుగా వెర్హుల్స్ట్ లేచాడు. నలభై ఏళ్లవాడు, సూటు వేసుకు రాకుండా స్వెటరు వేసుకొచ్చేంత తెలివి ఉన్నవాడు.

"నేను ఊళ్లోకొచ్చి అబద్ధాలు చెప్పను," అన్నాడు. "ఈ మందు పరీక్షలకి మేము కోటీ నలభై లక్షల యూరోలు పెట్టాం. దీనికి ముందు రెండు మందులు మధ్యలోనే చచ్చిపోయాయి. చచ్చిన వాటి ఖర్చు ఎవరివ్వాలి? బతికిన మందే ఇవ్వాలి. లాభం లేదని తెలిస్తే రేపు ఏ కంపెనీ నలభై ఒక్కమంది కోసం పరిశోధన మొదలెట్టదు. మీరైనా పాలివ్వని ఆవుని ఎన్నాళ్లు మేపుతారు చెప్పండి."

అక్కడక్కడ తలలు ఊగాయి. గెసీనా కూడా తల ఊపింది. అతను చెప్పిన లెక్క ఆమె స్వయంగా వేసి చూసినదే. అందులో అబద్ధం లేదు. దానికి జవాబు లేదనే ఆమెకు భయం.

"అడిగేది ఒక్కటే," అని వెర్హుల్స్ట్ ముగించాడు. "ఐదేళ్లపాటు ఆ చక్కెర మీద హక్కు మాకే ఇవ్వండి. వేరెవరికీ అమ్మకండి. ఏడాదికి లక్షా ఎనభై వేల యూరోలు మీ సంఘానికి."

రెండు వందల ఇరవై కుటుంబాల సంఘం అది. ఇంటికి ఎనిమిది వందల పైచిలుకు అని హాలంతా మనసులో లెక్క కట్టుకుంది. ఎవరూ నోరు విప్పలేదు. ఎవరో బిస్కెట్టు కాగితం విప్పుతున్న చప్పుడు వినిపించింది. ఆ ప్రాంతపు మనుషులు మంచి మాటనైనా చెడ్డ మాటనైనా ముందు నానబెట్టుకుంటారు. మౌనానికి అంతకుమించిన అర్థమేమీ ఉండదు. కానీ వెర్హుల్స్ట్ పెరిగిన నగరంలో మౌనమంటే కాదనడమే. అతను కాగితాలు ఒకసారి చూసుకున్నాడు.

"సరే, పైవాళ్లతో ముందే మాట్లాడి వచ్చాను. రెండు లక్షల అరవై వేలు."

ఈసారి కాఫీ కప్పు ఒకటి సాసరులో దిగిన శబ్దం వచ్చింది. మొదటి వరుసలో ఎప్పో టిమ్మెర్ కాళ్లు చాచుకుని కూర్చున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. పొలం కొడుక్కి అప్పగించినా సభ్యత్వం వదలలేదు. పశువుల బేరంలో ఆయన మాట ఆ చుట్టుపట్ల తీర్పు లాంటిది.

"నాయనా, ఇప్పుడెవరు చెయ్యి కొట్టారు?" అన్నాడు.

"అర్థం కాలేదండీ."

"సంతలో బేరం ఎప్పుడైనా చూశావా? కొనేవాడు ధర చెప్పి అమ్మేవాడి అరచేతి మీద కొడతాడు. అమ్మేవాడు తన ధర చెప్పి తిరిగి కొడతాడు. ఎదుటివాడు కొట్టందే నువ్వు రెండో ధర చెప్పకూడదు. నువ్వు లక్షా ఎనభై అన్నావు. మావాళ్లెవరూ చెయ్యెత్తలేదు. నీ ధర మీద నువ్వే ఎక్కి కూర్చున్నావు. అరవై ఏళ్లు సంతల్లో నిలబడ్డాను. అలా చేసినవాళ్లని ఇద్దర్నే చూశాను. ఒకడు తాగున్నాడు."

"రెండోవాడో, మామా?" అని వెనక నుంచి ఎవరో అందించారు.

"రెండోవాడు ఆవుని కొనడానికి రాలేదు. పక్కింటివాడికి దక్కకుండా చెయ్యడానికొచ్చాడు."

హాలు నవ్వింది. వెర్హుల్స్ట్ కూడా నవ్వబోయి, ముసలాయన నవ్వడం లేదని గమనించి ఆగిపోయాడు.

"ఏడాదికి ఎన్ని కిలోలు పట్టుకెళ్తావు?" అని ఎప్పో అడిగాడు.

"ఒప్పందంలో కనీస పరిమాణం అంటూ పెట్టలేదండీ. అవసరాన్ని బట్టి."

"అంటే సున్నా కూడా కావచ్చు."

వెర్హుల్స్ట్ అబద్ధం చెప్పనని మొదటే అన్నాడు. ఆ మాట మీద నిలబడ్డాడు. అది అతని గొప్పతనమో, పొరపాటో ఆ క్షణాన అతనికీ తెలియదు. "కావచ్చు," అన్నాడు. "దాచడమెందుకు? పక్క దేశాల్లో ఈ మందు ధర మీద ఇప్పుడు మాటలు జరుగుతున్నాయి. ఇక్కడ ఒక ఆసుపత్రి చవగ్గా చేసి చూపిస్తే, అక్కడ మా ధర నిలబడదు. తేట మీ దగ్గరే ఉంటుంది. ఎప్పటిలాగే పందులకి పెట్టుకోవచ్చు."

"చెయ్యనందుకు డబ్బిస్తానంటున్నాడర్రా," అన్నాడు ఎప్పో, వెనక్కి తిరిగి, అర్థం కానివాళ్లకు అనువదిస్తున్నట్టుగా. "పాలకి సర్కారు కోటా పెట్టిన రోజులు గుర్తున్నాయా? హద్దు దాటిన పాలని మన చేతుల్తో మనమే పేడగుంటలో పోశాం. మా ఆవిడ ఆ పూట పాకలోకి రాలేదు. అప్పుడంటే సర్కారు మెడ మీద కూర్చుంది. ఇప్పుడు ఎవరు కూర్చున్నారు?"

  తరువాత గెసీనాను పిలిచారు.

రోగుల సంఘం వాళ్లు జబ్బున్న పిల్లలను ఇద్దరు ముగ్గురిని వేదిక మీద నిలబెట్టమని సలహా ఇచ్చారు. గెసీనా ఒప్పుకోలేదు, జబ్బుపడిన మనిషిని చూపించి అడగడం ఆమెకు భిక్షాటనలా తోచింది. అందుకే అంకెలతోనే మొదలుపెట్టింది. గొంతు తొలి వాక్యంలో తడబడింది, రెండవ వాక్యంలో కుదుటపడింది. శుద్ధి యంత్రానికి ఆరు లక్షల నలభై వేలు. ఆసుపత్రి నిధి నుంచి రెండు లక్షలు. మిగిలిన నాలుగు లక్షల నలభై వేల కోసం, ఏడాది చివర పాల మీద సభ్యులకు పంచే మిగులును ఈ ఒక్కసారి వదులుకోమని ఆమె అడిగింది: ఇంటికి రెండు వేలు. మందు మనిషికి ఏడాదికి తొమ్మిది వేలలోపే పడుతుంది. ఆ ధరకు కొంటామని బీమా సంస్థ రాసి ఇచ్చింది.

"సంఘం దీని మీద ఒక్క సెంటు కూడా లాభం తీసుకోకూడదని ఒప్పందంలో రాశాను," అని ముగించింది. ఆ వాక్యం కింద తానే రెండు గీతలు గీసుకుంది. రెండేళ్లలో తను రాసిన వాక్యాలన్నిటిలోకీ దాని మీదే ఆమెకు గర్వం.

"అక్కడే వచ్చింది చిక్కు," అంది ఒక ఆడగొంతు.

జాంటీనా వుప్స్ లేచి నిలబడింది. ముప్పై మూడేళ్లది, తండ్రి పోయాక నూట పది ఆవుల దొడ్డి ఒక్కతే నడుపుతోంది, పాలు పితికే యంత్రానికి తెచ్చిన అప్పు ఇంకా సగం తీరలేదు.

"నేను సూటిగా చెప్తాను మేడమ్, ఏమనుకోకండి. ఆయన మాట వింటే ఐదేళ్లలో నా ఇంటికి నాలుగు వేల పైన వస్తుంది, మొదట చెప్పిన ధరకే. మీ మాట వింటే రెండు వేలు పోతుంది. తేడా ఆరు వేలు. ఆ ఆరు వేలు నాకు చిన్న విషయం కాదు. అయినా దాని గురించి కాదు నేను లేచింది."

"మరి దేని గురించమ్మా?" అన్నాడు అధ్యక్షుడు, గడియారం వైపు చూస్తూ.

"ఈ సున్నా గురించి. ఏమీ మిగలని పని ఎన్నాళ్లు సాగుతుంది? ఇవాళ అందరం మంచివాళ్లమే. నాలుగేళ్లకి యంత్రంలో గొట్టం పగులుతుంది. బాగుచెయ్యడానికి డబ్బుండదు. అప్పుడు పాలకవర్గంలో కూర్చున్నవాళ్లు, ఈ దండగ మనకెందుకని మూసేస్తారు. మీ నలభై ఒక్కమందీ మళ్లీ రోడ్డు మీదే. కంపెనీ వదిలేసినట్టే మేమూ వదిలేస్తాం. ఆయన ఎక్కువ ఆశపడి వదిలేశాడు, మేము ఏమీ లేక వదిలేస్తాం. మీ రోగికి తేడా ఏముంది?"

 గెసీనా తన కాగితంలో రెండు గీతలున్న వాక్యం వైపు చూసింది. రెండేళ్లపాటు ప్రతి అంకెనూ మూడుసార్లు సరిచూసుకున్న మనిషి, ఒక్క సున్నాను మాత్రం ఎన్నడూ సరిచూడలేదు. అది ఆమెకు లెక్కగా తోచలేదు, సత్యంగా తోచింది. ఇప్పుడు పేడ అంటిన బూట్లతో నిలబడ్డ పిల్ల దానిని తీసి కాంతిలో పెట్టింది.

"మీరు చెప్పింది నిజం," అంది చివరికి. "ఆ వాక్యం నేను నా కోసం రాసుకున్నాను. రోగుల కోసం కాదు."

హాలులో తలలు ఆమె వైపు తిరిగాయి. తప్పు ఒప్పుకున్న పట్టణపు మనిషిని వాళ్లు అరుదుగా చూస్తారు.

అధ్యక్షుడు భోజన విరామం ప్రకటించాడు. రొట్టె ముక్కలు, చీజ్, గాజు జగ్గుల్లో మజ్జిగ. గెసీనా చెక్క పలక కప్పిన బిలియర్డ్స్ బల్ల దగ్గర తన కాగితాలు పరిచింది. అక్కడికి జాంటీనా తన పళ్లెం తెచ్చి పెట్టుకుని, "కలం ఉందా మేడమ్?" అని అడిగింది.

ఇద్దరూ కూర్చున్నారు. ఎప్పో టిమ్మెర్ పిలవకుండానే కుర్చీ లాక్కున్నాడు.

"ఎంత రాయమంటారు?" అని గెసీనా అడిగింది.

"ఖర్చు మీద నూటికి ఎనిమిది," అంది జాంటీనా. "ముందు నాలుగు రిపేర్ల పెట్టెలోకి. మిగిలిన నాలుగూ మా రెండు వేలు తిరిగొచ్చేదాకా మాకు. వడ్డీ వద్దు."

"మొత్తం తిరిగొచ్చేసరికి ముప్పై ఏళ్లు పడుతుంది," అంది గెసీనా, కాగితం అంచున చకచకా భాగించి. "ఏడాదికి అంతా కలిపితే మూడు లక్షల డెబ్బై వేల పని."

"పడనీ. ఆలస్యమైనా అది అప్పు. దానం ఇచ్చినవాడు మర్చిపోతాడు. అప్పిచ్చినవాడు ఏటా వచ్చి, యంత్రం తిరుగుతోందా లేదా అని చూసుకుంటాడు. మాకు కావాల్సింది అదే, మీకు కావాల్సిందీ అదే."

"ఎనిమిదికి పైన?"

"పైన ఒక్క సెంటు పోకూడదు. అదీ రాయండి."

"ఇంకోటి రాయి తల్లీ," అన్నాడు ఎప్పో, రొట్టె నములుతూ. "చెయ్యకుండా ఉండటానికి ఎవరి దగ్గరా ఎప్పుడూ డబ్బు తీసుకోకూడదని. నేను పోయాక వీళ్లు మళ్లీ ఎక్కడ మెత్తబడతారో."

"నువ్వెక్కడికీ పోవులే మామా, పై లోకంలోవాళ్లు కూడా నీతో బేరానికి దిగరు," అంది జాంటీనా.

వెర్హుల్స్ట్ మజ్జిగ గ్లాసుతో అటుగా వచ్చి నిలబడ్డాడు. "ఉబెల్స్ గారూ, ఒక్క మాట. మీరు నెగ్గితే సంతోషమే అనుకోండి. కానీ తర్వాతి జబ్బుకి మందు ఎవరు కనిపెడతారు?"

గెసీనా కలం ఆపింది. ఉదయమంతా ఆమెను భయపెట్టిన ప్రశ్న అదే. ఇప్పుడు దాని ముఖం అంత భీకరంగా కనిపించలేదు.

"చాలావరకు మీరే," అంది. "మీరు లాభం తీసుకోవడం నాకు అభ్యంతరం కాదు. ఇదిగో, ఇక్కడ నేనూ రాస్తున్నాను. ఎంతో ముందే చెప్పండి, లెక్క చూపించండి. లెక్క కుదరని జబ్బులుంటే, దాచిపెట్టకుండా వదిలెయ్యండి. మాలాంటివాళ్లం ఎత్తుకుంటాం."

అతను వంగి ఆ కాగితం చదివాడు. "ఎనిమిది శాతం," అన్నాడు నెమ్మదిగా. "మా ఆఫీసులో దీన్ని చూపిస్తే కుర్చీలోంచి పడిపోతారు."

"మెత్తటి కుర్చీలేగా. దెబ్బ తగలదు," అన్నాడు ఎప్పో.

రెండింటికి సభ మళ్లీ కూర్చుంది. గెసీనా కొత్త కాగితం చదివింది. ఈసారి గొంతు తడబడలేదు. సున్నా ఉన్న చోట ఎనిమిది, గర్వం ఉన్న చోట జాగ్రత్త. ప్రశ్నలు వచ్చాయి: యంత్రం ఎవరి పేరు మీద, చక్కెర పాడైతే బాధ్యత ఎవరిది, బీమా సంస్థ మాట తప్పితే ఏమిటి. ప్రతిదానికీ ఆమె దగ్గర జవాబు ఉంది. ఆమె జీవితమంతా పోగుచేసుకున్న సూక్ష్మబుద్ధికి ఇవాళ్టి వరకు ఇంతమంది శ్రోతలు దొరకలేదు.

మిగులు వదులుకోవాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి: నూట ఇరవై నాలుగు. చీటీలు పంచారు, డబ్బాలో వేశారు, ముగ్గురు సభ్యులు లెక్కించడానికి వంటగదిలోకి వెళ్లారు. గెసీనా చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నది. నూట ఇరవై మూడు వస్తే పదకొండు వారాల తరువాత తను నలభై ఒక్క ఇళ్లకు ఏమని ఉత్తరం రాయాలో, ఆ మొదటి వాక్యం కోసం వెతికింది. దొరకలేదు.

వాళ్లు తిరిగి వచ్చారు. బోల్హౌస్ కళ్లద్దాలు సరిచేసుకుని, పాల ధర చదివే గొంతుతోనే చదివాడు.

"వేసినవి నూట ఎనభై ఆరు. ఖాళీ చీటీలు ఆరు. వ్యతిరేకం ఇరవై తొమ్మిది. అనుకూలం నూట యాభై ఒకటి."

 చప్పట్లు మొదటి వరుసలో పుట్టి, కుర్చీలను దాటి, గోడలను తాకి, కిటికీ అద్దాలను వణికించాయి. కాలువ గట్టు రైతులు లేచి నిలబడి చప్పట్లు కొట్టడం ఆ హాలు గోడల మీద ఉన్న బ్యాండు పతకాలు కూడా చూసి ఉండవు. మేళంలో పెద్ద బాకా ఊదే బక్కపలచని రైతు ఒకడు గబగబా బీరువా తెరిచి, బాకా ఎత్తి, ఒకే ఒక్క స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపూ ఊదాడు. బయట కట్టేసిన కుక్కలు అందుకున్నాయి. వ్యతిరేకంగా వేసిన ఇరవై తొమ్మిది మందిలో కొందరు కూడా నవ్వుతున్నారు; రెండు వేలు పోయినా, ఊరి పేరు మిగిలింది.

"ఫరవాలేదు," అన్నాడు ఎప్పో టిమ్మెర్. ఆ ప్రాంతంలో అంతకు మించిన పొగడ్త ఎవరూ ఎరుగరు.

గెసీనాకు కళ్లు నిండాయి. చిన్నగా, బిగ్గరగా కాకుండా, నవ్వు వచ్చింది. అది ఆపుకోవాలని ఆమెకు తోచలేదు. జాంటీనా ఆమె భుజం మీద ఆవు మెడ తట్టినంత బలంగా ఒక తట్టు తట్టింది.

వెర్హుల్స్ట్ వచ్చి చెయ్యి కలిపాడు. "పొడి తయారీలో తేమ గురించి జాగ్రత్త," అన్నాడు తగ్గు గొంతుతో. "మొదటి ఏడాది మాకు మూడు విడతలు గడ్డకట్టాయి. మీ కర్మాగారం రసాయనికుడిని నాకు ఫోను చెయ్యమనండి. ఇది కంపెనీ చెప్పమన్నది కాదు."

మూడు గంటల పది నిమిషాలైంది. కార్లు ఒకటొకటిగా బయలుదేరుతున్నాయి. మనుషులు పాకల వైపు పరుగు. బిలియర్డ్స్ బల్ల మీద ఒకే ఒక్క కాగితం, రెండు వైపులా చేతిరాత, అంచున భాగహారం, ఒక మూల మజ్జిగ మరక. సాపు ప్రతి రేపు టైపు చేద్దామన్నాడు బోల్హౌస్. గెసీనా వద్దన్నది. సభ ఓటు వేసింది దీని మీద. సంతకం కూడా దీని మీదే ఉండాలి.

బోల్హౌస్ సంతకం చేశాడు. సాక్షులుగా జాంటీనా వుప్స్, ఎప్పో టిమ్మెర్ చేశారు. ఆఖరున గెసీనా, తూనికల గదిలో చీటీల మీద రాసే పొందికైన అక్షరాలతో, తన పూర్తి పేరు రాసి, తేదీ వేసి, సిరా ఆరేదాకా ఆగింది. తరువాత కాగితాన్ని సగానికి, మళ్లీ సగానికి మడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకుని, గుండీ పెట్టుకుంది.